తప్పెవరిదని అడగని వైద్యం: అమెరికాలో ఫ్యామిలీ థెరపీ, మన కుటుంబాలు

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల మనసులో బరువు చేరిందన్న సంగతి ఇంట్లోవాళ్లకి చాలాసార్లు బయటివాళ్ల ద్వారానే తెలుస్తుంది. స్కూల్ కౌన్సెలర్ నుంచి ఫోన్ వస్తుంది. లేదా పన్నెండేళ్లు దాటిన పిల్లల చేత చెకప్‌లో పీడియాట్రీషియన్ నింపించే డిప్రెషన్ ప్రశ్నల కాగితం ఏదో చెబుతుంది. థెరపిస్టుని కలవండి అంటారు. కలిశాక తల్లిదండ్రులు సాధారణంగా కోరేది ఒకటే: ‘మా వాడితో మాట్లాడి దారికి తీసుకురండి.’ ఫ్యామిలీ థెరపీ చేసేవాళ్లు ఇచ్చే జవాబు కూడా ఒకటే: ‘మీరూ రావాలి.’

ఆ జవాబు వినగానే మనలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. తప్పు మా మీదకి తోస్తున్నారా, వీడికి ఏం తక్కువ చేశాం అన్న ప్రశ్న లేస్తుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఈ వైద్యం చరిత్రలో తల్లిదండ్రుల్ని దోషులుగా నిలబెట్టిన ఘట్టం నిజంగానే ఉంది. కానీ డెబ్బై ఏళ్ల అనుభవాన్నీ పరిశోధననీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యామిలీ థెరపీ బాగా ఫలించిన చోట తల్లిదండ్రుల చేతికి ఒక పని అప్పగించింది. హాని చేసిన చోట వాళ్ల నెత్తిన నేరం మోపింది. మనవాళ్లు ఈ తేడా తెలుసుకుని ఆ గదిలోకి అడుగుపెట్టాలన్నదే ఈ సమీక్ష ఉద్దేశం.

అవసరం ఎంతటిదో చెప్పడానికి రెండు ప్రకటనలు చాలు. 2021 అక్టోబరులో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లల మానసిక వైద్యుల అకాడమీ, పిల్లల ఆసుపత్రుల సంఘం కలిసి పిల్లల మానసిక ఆరోగ్యం జాతీయ అత్యవసర స్థితికి చేరిందని ప్రకటించాయి. 2024 ఆగస్టులో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి తల్లిదండ్రుల ఒత్తిడి మీదే ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. అందులో పేర్కొన్న సర్వేలో 48 శాతం తల్లిదండ్రులు దాదాపు రోజూ తట్టుకోలేనంత ఒత్తిడిలో ఉన్నామన్నారు. మిగతా పెద్దవాళ్లలో ఆ మాట అన్నది 26 శాతం. బిడ్డ కష్టం, పెద్దల అలసట ఒకే ఇంట్లో ఉన్నాయి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగింది. ఆ ఏళ్లలో వచ్చిన దంపతుల పిల్లలు ఎందరో ఇప్పుడు మిడిల్ స్కూల్లో, హైస్కూల్లో ఉన్నారు.

తలుపు తెరుచుకున్న కథ

1950ల దాకా మానసిక వైద్యమంటే మూసిన గదిలో ఒక డాక్టరు, ఒక రోగి. బంధువులు బయటే కూర్చోవాలి. ఆ నియమాన్ని ముందుగా దాటినవాళ్లలో మరే బోవెన్ ఒకరు. 1954 నుంచి 1959 వరకు ఆయన మేరీలాండ్‌లోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో స్కిజోఫ్రెనియా రోగులతో పాటు ముందు తల్లుల్ని, తర్వాత మొత్తం కుటుంబాల్ని వార్డులోనే ఉంచి గమనించారు. ఇద్దరు పెద్దల మధ్య బిగువు పెరిగినప్పుడు మూడో మనిషిని, చాలాసార్లు బిడ్డని, మధ్యలోకి లాగి ఊరట పొందుతారన్నది ఆయన చూసిన ముఖ్యమైన విషయం. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో గ్రెగరీ బేట్సన్, డాన్ జాక్సన్, జే హేలీ, జాన్ వీక్లాండ్ ఇంట్లో మాటలు సాగే తీరు మీద 1956లో ఒక ప్రసిద్ధ పత్రం రాశారు. న్యూయార్క్‌లో నేథన్ అకర్మన్ 1960లో ఒక ఫ్యామిలీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

పిల్లల విషయంలో అందరికంటే లోతైన ముద్ర వేసినవారు అర్జెంటీనాలో పుట్టిన సాల్వడార్ మినూచిన్. న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ స్కూల్లో పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాల అబ్బాయిలతో ఆయన పనిచేశారు. స్కూల్లో కుదురుకున్న పిల్లలు ఇంటికెళ్లాక మళ్లీ మొదటికి రావడం చూసి, ఇంటినే వైద్యంలోకి తేవాలనుకున్నారు. 1967లో వచ్చిన ఆయన బృందం పుస్తకం ఆ అనుభవం నుంచి పుట్టింది. 1965 నుంచి ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌ని నడుపుతూ, డిగ్రీలు లేని స్థానికులకి కూడా కుటుంబాలతో పనిచేసే శిక్షణ ఇప్పించారు. సాటి మనిషి కష్టాన్ని తన భాషలో వినగలవాళ్లు కావాలన్న ఆ పట్టుదల మన సంఘాలకి ఇవాళ్టికీ పనికొస్తుంది.

ఇదేదో పూర్తిగా పరాయి ఆలోచన అనుకోనక్కర్లేదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు బంధువుల్నీ ఉండనిచ్చారు. తర్వాత వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ కుటుంబాన్ని వైద్యంలో కలుపుకున్నాయి.

నింద చేసిన హాని

ఈ కథలో చీకటి భాగాన్ని దాచకూడదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ స్కిజోఫ్రెనియాకి తల్లి ప్రవర్తనే కారణమన్న భావనకి ఒక పేరు పెట్టారు. అది పాతికేళ్లకు పైగా ఎందరో తల్లుల్ని కుంగదీసింది. ఆటిజం విషయంలో ప్రేమలేని తల్లులే కారణమన్న వాదనని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకంగా ప్రచారం చేశారు. ఆటిజం పుట్టుకతో వచ్చే నాడీ సంబంధమైన స్థితి అని, ఆటిజం ఉన్న బిడ్డకి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అంతకుముందే, 1964లో వాదించారు. సైన్సు చివరికి రిమ్‌లాండ్ వైపే నిలిచింది. కుటుంబాలు తమ గొంతు తామే వినిపించుకోవాలని 1979లో మానసిక రోగుల బంధువుల జాతీయ సంఘం నామీ పుట్టింది.

ఆ తర్వాత వచ్చిన తరం పద్ధతి మార్చింది. జబ్బు గురించి కుటుంబానికి వివరంగా చెప్పడం, ఇంట్లో విమర్శల వేడి తగ్గించడం, సంక్షోభం వస్తే ఎవరేం చేయాలో ముందే అనుకోవడం చికిత్సలో భాగమయ్యాయి. యూసీఎల్ఏకి చెందిన డేవిడ్ మిక్లోవిట్జ్ బైపోలార్ వచ్చే అవకాశమున్న 127 మంది పిల్లలతో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఇలాంటి కుటుంబ చికిత్స అందినవాళ్లకి కోలుకున్నాక మూడ్ మళ్లీ అదుపు తప్పేలోపు ఎడం పెరిగింది. జబ్బుని ఇల్లు పుట్టించకపోవచ్చు. కానీ దాని నడకని ఇల్లు మార్చగలదు.

ఆ గదిలో జరిగేది

మన ఊళ్లలో భార్యాభర్తల గొడవో అన్నదమ్ముల తగాదో ముదిరితే పెద్దమనుషుల్లో పెట్టేవాళ్లు. ఇరుపక్షాలూ విని, తప్పు ఎవరిదో తేల్చి, సర్దుకుపొమ్మని పంపేవాళ్లు. థెరపిస్టుని కూడా అలాంటి పెద్దమనిషి అనుకుని వెళితే నిరాశే. అక్కడ తీర్పు ఉండదు. మాట ఎవరి దగ్గర మొదలై, ఎవరి దగ్గర ఆగిపోయి, ఎవరి మీద పడుతోందో చూస్తారు. తండ్రి మార్కులు అడుగుతాడు, కొడుకు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు, తల్లి కంచం పట్టుకుని గదికి వెళుతుంది, తండ్రి తల్లి మీద అరుస్తాడు, అది విని కొడుకు ఇంకా ముడుచుకుంటాడు. ఇందులో మొదటి తప్పు ఎవరిదో తేల్చలేం. ఏ ఒక్క అడుగు మారినా మొత్తం మారే వీలుంది.

అందుకే థెరపిస్టు ‘మీ అబ్బాయి గురించి నాకు చెప్పకండి, మీ అబ్బాయితోనే చెప్పండి’ అని తండ్రీకొడుకుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టవచ్చు. ఇది మినూచిన్ నేర్పిన పద్ధతి. భర్త మీద కోపాన్ని కూతురితో పంచుకునే తల్లికి, ఆ బరువు కూతురు మోయలేదని చూపించవచ్చు. రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకి షీలా ఐబర్గ్ 1970ల్లో రూపొందించిన పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీలో తల్లి బిడ్డతో ఆడుతుంటే, థెరపిస్టు అద్దం వెనక నుంచి తల్లి చెవిలోని చిన్న రిసీవర్‌లో అప్పటికప్పుడు సూచనలిస్తారు: ఇప్పుడు మెచ్చుకోండి, ఇది పట్టించుకోకండి, ఈ మాట ఒక్కసారే చెప్పండి. బిడ్డతో అసలు పని చేసేది తల్లే.

దేనికి ఎంత ఆధారం ఉంది

ఫ్యామిలీ థెరపీ అన్నిటికీ ఒకే మందు కాదు. ఏ కష్టానికి ఎంత ఆధారం ఉందో విడివిడిగా చూడాలి.

తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియాలో ఆధారం బలంగా ఉంది. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతిని అమెరికాలో జేమ్స్ లాక్, డేనియల్ లె గ్రాంజ్ పరీక్షించారు. స్టాన్‌ఫర్డ్‌లో, షికాగోలో 121 మంది టీనేజర్లతో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. చికిత్స ముగిసిన ఏడాదికి కుటుంబంతో చేసిన వర్గంలో 49 శాతం, విడిగా బిడ్డతోనే చేసిన వర్గంలో 23 శాతం పూర్తిగా కోలుకున్నారు. ఈ పద్ధతిలో మొదటి మాటే, జబ్బుకి తల్లిదండ్రులు కారణం కాదని. రెండో మాట, బిడ్డకి తిండి పెట్టే బాధ్యత ప్రస్తుతానికి వాళ్లదేనని.

పిల్లల ఆందోళన విషయంలో యేల్ విశ్వవిద్యాలయంలో ఇలై లెబోవిట్జ్ ఇంకో అడుగు వేశారు. ఆయన పద్ధతిలో బిడ్డ రానే రాదు, తల్లిదండ్రులే వస్తారు. భయపడే బిడ్డ కోసం పెద్దలు చేసే సర్దుబాట్లని, అంటే పక్కనే పడుకోవడం, బదులు మాట్లాడటం, స్కూలు మాన్పించడం లాంటివాటిని, బిడ్డ మీద నమ్మకం చూపిస్తూ మెల్లగా తగ్గిస్తారు. 124 మంది పిల్లలతో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో ఇది, బిడ్డకి నేరుగా చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి తీసిపోలేదు. థెరపీకి రానని మొండికేసే పిల్లలున్న ఇళ్లకి ఇది గొప్ప ఊరట.

విడాకుల తర్వాతి పిల్లల కోసం అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన కార్యక్రమం కూడా పెద్దలకే శిక్షణ ఇస్తుంది. దాని మేలు పదిహేనేళ్ల తర్వాత కూడా కనిపించింది.

టీనేజీ డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల విషయంలో ఫలితం మిశ్రమం. ఫిలడెల్ఫియాలో గై డైమండ్ బృందం తల్లిదండ్రులతో తెగిన నమ్మకాన్ని మళ్లీ కలిపే చికిత్స రూపొందించింది. 2010 పరీక్షలో అది మామూలు సేవలకంటే మెరుగ్గా నిలిచింది. 2019లో మరింత పెద్ద పరీక్షలో రెండు వర్గాల పిల్లలూ బాగుపడ్డారు. కుటుంబ చికిత్స, ఓపిగ్గా వినే వ్యక్తిగత చికిత్స దాదాపు సమానంగా తేలాయి. చట్టంతో చిక్కుల్లో పడ్డ పిల్లలకి ఇంటికే వెళ్లి చేసే మల్టీసిస్టమిక్ థెరపీ అమెరికాలో మంచి పేరు తెచ్చుకుంది. అయినా ఇంగ్లండ్‌లో 684 కుటుంబాలతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో అది అక్కడి మామూలు సేవలకంటే మెరుగని తేలలేదు. అక్కడి మామూలు సేవలే కాస్త నాణ్యంగా ఉండటం కారణం కావచ్చు. ఏదేమైనా, పద్ధతి పేరు గొప్పదైనంత మాత్రాన ఫలితం హామీ కాదు.

మయామీ పాఠం

మన ఇళ్లకి అన్నిటికంటే దగ్గరి పాఠం మయామీలో ఉంది. 1959 తర్వాత క్యూబా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో 1970ల నాటికి టీనేజర్ల గొడవలు, మత్తుమందులు పెరిగాయి. హోసె సపోచ్నిక్ బృందం గమనించింది ఇది: పిల్లలు కొత్త దేశాన్ని పరుగున అందుకున్నారు, తల్లిదండ్రులు నెమ్మదిగా అందుకున్నారు. మధ్యలో పెరిగిన దూరాన్ని పెద్దలు పిల్లల ధిక్కారంగా, పిల్లలు పెద్దల మూర్ఖత్వంగా చదివారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, మీ పోట్లాట ఒకరితో ఒకరిది కాదు, రెండు సంస్కృతుల మధ్య వేగం తేడాతో అని చూపించడం చికిత్సలో ప్రధాన భాగమైంది.

ఎడిసన్, ఫ్రిస్కో, జాన్స్ క్రీక్, ఫ్రీమాంట్ ఇళ్లలో ఇది తెలియనిదెవరికి? అమ్మ తెలుగులో అడుగుతుంది, కూతురు ఇంగ్లీషులో బదులిస్తుంది. రోజువారీ సంగతులకి ఇది సరిపోతుంది. కానీ ‘నాకు బతకాలని లేదు’ అన్న మాటని కూతురు ఏ భాషలో చెప్పాలి, అమ్మ ఏ భాషలో వినాలి? పిల్లలకి మనసు సంగతులు చెప్పే తెలుగు రాదు. పెద్దలకి ఆ సంగతులు వినే ఇంగ్లీషు అలవాటు లేదు. రెండు భాషలకీ చోటిచ్చే థెరపిస్టు ఉంటే ఈ ఒక్క ముడి విడిపోవడమే సగం మేలు.

దీనికి వీసా తోడవుతుంది. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ ఏళ్లకేళ్లు సాగుతోంది. ఉద్యోగం పోతే హెచ్-1బి మీదున్న తండ్రికో తల్లికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 21 నిండితే, తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడిన బిడ్డ హెచ్-4 హోదా పోతుంది. 2015లో కొందరు హెచ్-4 భార్యాభర్తలకి పని అనుమతి రాకముందు, ఎందరో చదువుకున్న తల్లులు ఏళ్లపాటు ఇంటికే పరిమితమయ్యారు. ఈ లెక్కలు తెలియని థెరపిస్టు, మార్కుల గురించి రాత్రింబవళ్లు ఆలోచించే తండ్రిని అదుపు కోరే మనిషిగా మాత్రమే చూస్తారు. ఆ తండ్రికి చదువంటే కొడుకు దేశం నుంచి వెళ్లిపోకుండా ఆపే గోడ. ఆ భయాన్ని కొడుకు ముందు ఒక్కసారి పైకి చెప్పగలిగితే, రోజూ వేధింపుగా వినిపించిన ప్రశ్న కొడుక్కి వేరుగా వినిపిస్తుంది.

మన ఇంటి నిర్మాణం కూడా తెలియాలి. ఆరు నెలలు ఉండి వెళ్లే అమ్మమ్మ, రోజూ వాట్సాప్‌లో మనవడి చదువు అడిగే తాతయ్య, పసితనంలో బిడ్డని ఇండియాలో పెంచి పంపిన నాయనమ్మ, వీళ్లంతా కుటుంబమే. తొలితరం అమెరికన్ థెరపిస్టులు ఇలాంటి దగ్గరితనాన్ని హద్దులు లేకపోవడంగా, లోపంగా చూసే ప్రమాదం ఉండేది. 1982లో మోనికా మెక్‌గోల్డ్రిక్, సహసంపాదకులతో కలిసి, జాతి సంస్కృతులకీ కుటుంబ చికిత్సకీ ఉన్న సంబంధంపై తెచ్చిన సంకలనం ఆ చూపుని మార్చడానికి బాగా తోడ్పడింది. న్యూజెర్సీలో రియా అల్మేడా లాంటివాళ్లు భారతీయ కుటుంబాలనీ, ఇంట్లో అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్ననీ కలిపి చూసే పద్ధతి తెచ్చారు. అయినా పైన చెప్పిన పెద్ద పరీక్షల్లో ఏదీ తెలుగు కుటుంబాల కోసం చేసింది కాదు. ఆ లోటు తీరాలి.

మయామీ బృందం నుంచి ఇంకో రెండు సంగతులు. నాన్న రానంటే ఏం చేయాలి? 1980ల్లో వాళ్ల పరీక్షలు, ఒక్కరితోనే పనిచేసినా మొత్తం ఇంటి తీరు మార్చవచ్చని చూపించాయి. రెండోది, రానివాళ్లని రప్పించడం కుటుంబం పని కాదు, థెరపిస్టు పని అని వాళ్లు నమ్మారు. 1988లో ప్రచురించిన పరీక్షలో 108 కుటుంబాలు పాల్గొన్నాయి. ముందే ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్ల అభ్యంతరం గౌరవంగా విని పిలిచినప్పుడు 93 శాతం కుటుంబాలు చికిత్సలోకి వచ్చాయి; మామూలుగా పిలిస్తే 42 శాతమే.

అడ్డంకులు, భయాలు

మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టులకి తొలిసారి లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం కాలిఫోర్నియా, 1963లో. 2009 నాటికి 50 రాష్ట్రాలూ ఇచ్చాయి. కానీ లైసెన్సు రాష్ట్రానికి పరిమితం. న్యూజెర్సీలోని తెలుగు థెరపిస్టు టెక్సస్‌లోని కుటుంబాన్ని వీడియోలో చూడాలంటే సాధారణంగా అక్కడి లైసెన్సూ కావాలి. ఇన్సూరెన్స్ కుటుంబ సెషన్‌కి డబ్బు కట్టాలంటే ఒక్కరి పేరు మీద రోగనిర్ధారణ ఉండాలి. ఆ ఒక్కరు చాలాసార్లు బిడ్డే అవుతారు. సమస్య అందరిదీ అని చెప్పే చికిత్స, కాగితం మీద మాత్రం ఒక్కరికే ముద్ర వేయాల్సి వస్తోంది. ఇది మారాల్సిన నియమం.

మనవాళ్లు పైకి చెప్పుకోని భయాలు రెండున్నాయి. కౌన్సెలింగ్‌కి వెళితే గ్రీన్ కార్డు ఆగుతుందా? కేవలం వెళ్లినందుకు ఆగదు. ఇమిగ్రేషన్ వైద్య పరీక్షలో మానసిక రుగ్మతల విషయంలో ముఖ్యంగా చూసేది ప్రమాదకరమైన ప్రవర్తన ఉందా అన్నదే. చెప్పినవన్నీ ప్రభుత్వానికి చేరతాయా? చేరవు, గోప్యతకి చట్టం రక్షణ ఉంది. అయితే బిడ్డ మీద హింస జరుగుతోందన్న అనుమానం వస్తే థెరపిస్టు చెప్పి తీరాలి. ఇది అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్న బాధ్యత. ఏది బయటికి వెళుతుందో, ఏది వెళ్లదో మొదటి రోజే అడిగి తెలుసుకోవడం మన హక్కు.

అందరినీ కలిపి కూర్చోబెట్టకూడని సందర్భమూ ఉంది. భార్యనో బిడ్డనో కొట్టి భయపెట్టే ఇంట్లో, గదిలో చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక శిక్ష పడవచ్చు. అధికారాన్ని చూడని కుటుంబ చికిత్సని 1978లోనే రేచల్ హేర్-మస్టిన్ తప్పుపట్టారు. అలాంటి ఇళ్లకి ముందు కావాల్సింది రక్షణ. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి, బే ఏరియాలో 1991 నుంచి మైత్రి దక్షిణాసియా మహిళల పక్కన నిలబడుతున్నాయి. బిడ్డ ప్రాణం గురించి భయం ఉంటే ఏ అపాయింట్‌మెంట్ కోసమూ ఆగకూడదు. 2022 జులై నుంచి దేశమంతా సంక్షోభ సహాయ నంబరు 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు.

మనం చేయాల్సింది

థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. మా బిడ్డకున్న ఈ కష్టానికి ఏ పద్ధతి వాడతారు, దానికి ఆధారం ఏమిటి? మా ఇద్దరికీ ఏ పని అప్పగిస్తారు? అమ్మమ్మనో తాతయ్యనో కలుపుకుంటారా? కొన్ని వారాల తర్వాత మెరుగుదల ఎలా కొలుస్తారు? జవాబులు సూటిగా రాకపోతే ఇంకొకరిని వెతకడం మొహమాటపడాల్సిన విషయం కాదు. థెరపిస్టుకి తెలుగు రాకపోయినా, బిడ్డని ఎప్పుడూ దుబాసీగా వాడనివ్వకండి. తన గురించి పెద్దలు అనే మాటని బిడ్డే అనువదించడం బిడ్డకి శిక్ష.

మన సంఘాల పాత్ర ఇంకా పెద్దది. 1977లో పుట్టిన తానా, 1990లో పుట్టిన ఆటా, హెల్ప్‌లైన్ నడుపుతున్న నాట్స్, ప్రమాదమో మరణమో జరిగితే గంటల్లో స్పందించే అలవాటున్న సంస్థలు. ఆ శక్తిలో కొంత ప్రమాదానికి ముందు పెట్టాలి. రాష్ట్రాల వారీగా తెలుగు తెలిసిన లైసెన్సున్న థెరపిస్టుల జాబితా కావాలి. తెలుగు నేర్పే మనబడిలో పిల్లలు అక్షరాలు దిద్దుతున్న గంటలో పెద్దలకి బిడ్డ మాట వినే శిక్షణ ఇవ్వవచ్చు. ఈ చదువుకి వచ్చే యువతకి స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి; ఇంజనీరింగ్, మెడిసిన్ పక్కన దీన్నీ గౌరవంగా నిలబెట్టాలి.

మన తల్లిదండ్రులు పిల్లల కోసం దేశం దాటారు, ఏళ్లకేళ్లు క్యూల్లో నిలబడ్డారు. కష్టపడటం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కష్టాన్ని ఎటు పెట్టాలో చూపించే వైద్యం ఒకటి అందుబాటులో ఉంది. అది పూర్తి జవాబు కాదు, ప్రతిచోటా ఫలించదు. కానీ మంచి థెరపిస్టు ‘మీరూ రండి’ అన్నప్పుడు అది మీ బిడ్డకి మీకంటే బాగా సాయపడగలవాళ్లు లేరని చెప్పడం. అలా అర్థం చేసుకుని వెళ్లండి, ఆలస్యం కాకముందే వెళ్లండి.